ముంగిస కథలో ఊయల ఎంత దూరం?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఒక స్నేహితురాలితో కలిసి చిన్న చీరల షాపు నడుపుతున్నాను. రాత్రిపూట మా ఏడేళ్ల పాపకు కథలు చెబుతుంటాను. మొన్న ముంగిస కథ చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది. రెండు నెలల కిందట ఉంగరం కనపడక, మా ఇంట్లో పనిచేసే ఆవిడను అనుమానించి మాన్పించాను. వారం తర్వాత అది వాషింగ్ మెషీన్ తలుపు రబ్బరు మడతలో దొరికింది. ఇప్పటికీ ఆమెకు మొహం చూపించలేదు. షాపులోనేమో స్టాకు లెక్క తేలడం లేదు. మా దగ్గర పనిచేసే ఒకతను "ఆవిడ మీ గురించి ఇలా అంటున్నారు" అని నాతో చెబుతుంటాడు. నా స్నేహితురాలితోనూ ఏదో చెబుతున్నట్టున్నాడు. మా ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి. ఇంకొకటి కూడా ఉంది. మావారు ఫోన్లో ఏదో షేర్ల గ్రూపులో చేరి 15,000 పెట్టారు. 2,000 లాభం బ్యాంకులో పడింది కూడా. దాంతో ఇంకో లక్షా 80 వేలు పెట్టారు. ఇప్పుడు డబ్బు వెనక్కి తీసుకోవాలంటే ముందు 40,000 ట్యాక్సు కట్టమంటున్నారు. చిన్నప్పుడు ఈ కథలన్నీ నీతితో సహా బట్టీ పట్టినదాన్నే, ఒక్కటీ సమయానికి అక్కరకు రాలేదు. వీటిలో పెద్దవాళ్లకు పనికొచ్చేది నిజంగా ఏమైనా ఉందా?
ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చివర్న రాసిన సంగతే ముందు తీసుకుంటాం. అది రేపటిదాకా ఆగదు.

ఆ 40,000 కట్టకండి. అందులో ఒక్క రూపాయి కూడా పంపకండి. వెంటనే 1930కి ఫోన్ చేయించండి, అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. ఆ తర్వాత మీవారి బ్యాంకుకు. డబ్బు ఏ తేదీన, ఏ సమయానికి, ఎంత, ఎవరి పేరున్న ఖాతాకు పంపారో, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్సు నంబరు ఏమిటో ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఫోన్లో అడిగినప్పుడు తడుముకోవడంతోనే సమయం పోతుంది. గ్రూపులో మాత్రం గొడవ పెట్టుకోవద్దు. నిలదీయగానే మీవారిని తీసేస్తారు, మెసేజ్‌లు చెరిపేస్తారు. సంభాషణంతా, ఖాతాల వివరాలు, ఆ యాప్‌లో కనిపిస్తున్న లాభాల అంకెలు స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్లోకి పంపుకున్నాకే ఆ గ్రూపు నుంచి బయటికి రమ్మనండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. రోజులు గడిచిపోయాయని ఫిర్యాదు మానేయకండి.

ఇప్పుడు కథ. ముసలిపులి స్నానం చేసి, దర్భలు పట్టుకుని, కొలను గట్టున కూర్చుని, దారిన పోయేవాణ్ణి పిలిచి బంగారు కడియం ఇస్తానంటుంది. హితోపదేశంలోని ఈ కథ చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికతో తెలుగు బడిపిల్లలందరికీ చేరింది. "అత్యాశ చేటు" అన్నది మనం నేర్చుకున్న నీతి. అది మీవారికి ఎందుకు అడ్డుపడలేదంటే, ఆయన తనకు అత్యాశ ఉందని అనుకోలేదు. అన్నీ చూసుకునే దిగాననుకున్నారు. బాటసారీ అంతే. కథ ఇంకోసారి నెమ్మదిగా చదవండి. అతను వెంటనే పరుగెత్తడు, ఆలోచిస్తాడు. కడియం ఏదీ చూపించమంటాడు, పులి చెయ్యి చాచి చూపిస్తుంది. నువ్వు క్రూరజంతువువి, నిన్నెలా నమ్మాలి అని మొహం మీదే అడుగుతాడు. అడగాల్సినవన్నీ అడిగాడు. ఒక్కటే పొరపాటు: అడిగింది పులినే.

మీవారి 2,000 ఆ కడియం లాంటిదే. కడియం నకిలీది కాదు, నిజం బంగారమే. ఆ రెండు వేలూ నిజంగానే బ్యాంకులో పడ్డాయి. కాబట్టి "లాభం వచ్చిందిగా" అన్నది రుజువు కిందికి రాదు, అది ఎర ఖర్చు. చూడాల్సిన చోటు పులి చేతిలో లేదు. ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరును షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ వెబ్‌సైట్లో మనమే వెతుక్కోవాలి, వాళ్లు పంపిన లింకు నొక్కి చూస్తే మళ్లీ పులినే అడిగినట్టు. డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోందో చూడాలి. ప్రతిసారీ ఓ కొత్త పేరు, అదీ షేర్లతో సంబంధం లేని ఏదో ట్రేడర్స్ పేరు కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. లాభం మీద పన్నును మనం సర్కారుకు కడతాం. డబ్బు వెనక్కివ్వడానికి ముందుగా తమ ఖాతాకు పన్ను కట్టమని అడిగే పద్ధతి ఏ నిజమైన బ్రోకరు దగ్గరా లేదు.

అన్నిటికన్నా బురద దగ్గరి మాట గమనించండి. కొలనులో స్నానం చేసి వచ్చి కడియం తీసుకోమంటుంది పులి. దిగగానే బాటసారి కూరుకుపోతాడు. అప్పుడు పులి "అయ్యో, పెద్ద బురదలో పడ్డావే, ఉండు, నేనొచ్చి పైకి లేపుతాను" అంటూ దగ్గరికొస్తుంది. ఆ 40,000 ట్యాక్సు సరిగ్గా ఆ మాటే. అది కడితే తర్వాత ఇంకో ఫీజు వస్తుంది, దాని తర్వాత ఇంకొకటి.

కొన్నాళ్లకు మరో ఫోన్ రావచ్చు, "మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, కాస్త ఖర్చవుతుంది" అని. కోతి, మొసలి కథలో దీనికి సరిపోయే ముక్క ఉంది, పిల్లల పుస్తకాల్లో చాలావాటిలో తీసేస్తారు. గుండె నేరేడు చెట్టు మీద పెట్టి వచ్చానని చెప్పి కోతి గట్టెక్కడంతో కథ అయిపోదు. మొసలి మళ్లీ పిలుస్తుంది. నవ్వులాటకన్నాను, మా ఇంటికి చుట్టంగా రా అంటుంది. కోతి చెట్టు దిగదు. ఆ రెండో పిలుపు వస్తుందని మీవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఒక మనవి. ఆయనతో "నేను అప్పుడే చెప్పలేదా" అనకండి. సిగ్గుతో ఆయన మిగతా లెక్క దాచేస్తారు, ఫిర్యాదుకు ఆ లెక్కే కావాలి.

మీ అసలు ప్రశ్న ఇది కదా: బట్టీ పట్టిన నీతి ఎందుకు అక్కరకు రాలేదని. నీతివాక్యం అంతా అయిపోయాక పక్కవాళ్లు అనే మాట. పని జరుగుతున్నప్పుడు మన చెవికి అది వినపడదు. కథలో పెద్దవాళ్లకు పనికొచ్చేది మలుపు. ఇక్కడిదాకా వెనక్కి రావచ్చు, ఇంకో అడుగు వేస్తే రాలేం అనే చోటు ప్రతి మంచి కథలోనూ ఒకటుంటుంది. పంచతంత్రం మొదట్లోనే ఉంది, అమరశక్తి అనే రాజు తన ముగ్గురు కొడుకులను విష్ణుశర్మకు అప్పగించాడని, ఆయన ఆరు నెలల్లో వాళ్లను దారిలో పెడతానన్నాడని. రేపు రాజ్యం చేయాల్సినవాళ్లకు, ఎవర్ని నమ్మాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి నేర్పడానికి కట్టిన కథలవి. మన దగ్గరికొచ్చేసరికి పసిపిల్లల కథలైపోయి, మలుపులు అరిగిపోయి, నీతులు మిగిలాయి.

చదివే పద్ధతి ఇలా పెట్టుకోండి. వారానికి ఒక్క కథ, అంతకంటే వద్దు. ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి. ఏ వాక్యం దాకా ఈ కథ వెనక్కి తిరగవచ్చు? ఆ క్షణంలో ఆ మనిషి చేతిలో ఏముంది? చూడగలిగి ఉండీ చూడనిది ఏమిటి, అది ఎంత దూరంలో ఉంది? తర్వాత అదే కథను ఇంకో పాత్ర వైపు నుంచి చదవండి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. ముంగిస కథ చదివితే మనమే ముంగిస, నక్కల కథ చదివితే మనమే ఎద్దు అనుకుంటాం. అన్యాయం జరిగినవాళ్ల పాత్రలో కూర్చుంటే నేర్చుకునేది ఏమీ ఉండదు. మీరు అలా కూర్చోలేదు, గొంతు పట్టేసిందంటే తల్లి పాత్రలో మిమ్మల్ని చూసుకున్నారన్నమాట. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముంగిస కథ రెండు రకాలుగా ఉంది. పంచతంత్రంలో చంపేది తల్లి, హితోపదేశంలో తండ్రి. తల్లి కథనే తీసుకోండి. ఆమె నీళ్లకు వెళ్తూ, బిడ్డను ముంగిస నుంచి జాగ్రత్తగా చూడమని భర్తకు చెబుతుంది. పాము ఊసే ఆ ఇంట్లో లేదు. సొంత కొడుకులా పాలిచ్చి పెంచింది, అయినా ఎంతైనా జంతువే కదా అన్న అనుమానం లోపల ఉంది. భర్త భిక్షకు వెళ్లిపోతాడు. ముంగిస బిడ్డ ఊయల దగ్గరికొచ్చిన పామును చంపి, మూతి నిండా నెత్తురుతో, సంతోషంగా తల్లికి ఎదురొస్తుంది. ఆమె చంకలో నీళ్లకుండ ఉంది. అదే విసిరేస్తుంది.

కాగితం మీద పెట్టి చూడండి. నెత్తురు నిజం, ఆమె కళ్లు మోసపోలేదు. నెత్తురుకు కారణం ఏమిటన్నదాన్ని పాత అనుమానం ముందే రాసిపెట్టింది, కళ్లు దాని కింద సంతకం చేశాయి. ఊయల గదిలోనే ఉంది, ఐదారు అడుగులు. ఆ అడుగులు వేశాక కూడా కుండ విసరవచ్చు. విసిరాక మాత్రం వేసిన అడుగుల వల్ల లాభం లేదు.

మీ ఉంగరం విషయంలో "ఉంగరం లేదు" అన్నది నెత్తురు. "ఆమె తీసింది" అన్నది ముందే రాసి ఉన్నది. ఊయల ఎక్కడ? ఇంట్లో వస్తువు పోతే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి: మెషీన్ తలుపు రబ్బరు మడత, దాని ఫిల్టరు, సింకు కింద వంపు గొట్టం, పిండి కలిపిన గిన్నె, చీర కుచ్చిళ్లు, పరుపుకీ మంచానికీ మధ్య సందు, హ్యాండ్‌బ్యాగు చిరిగిన లోపలి గుడ్డ. ఉంగరం చివరిసారి ఎప్పుడు వేలికి ఉందో, అప్పటినుంచి చేతులతో ఏమేం పనులు చేశారో వరసగా రాస్తే ఇవి వాటంతటవే బయటపడతాయి. ఇకముందు వెనక్కి తీసుకోలేని పని ఏదైనా, అంటే మనిషిని మాన్పించడం, దొంగ అనడం, పోలీసుల దాకా వెళ్లడం, చేసేముందు ఒక రాత్రి గడవనివ్వండి. ఆ రాత్రి కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క చూసింది, ఇంకో పక్క అనుకున్నది రాయండి. చూసింది వైపు ఒకే వాక్యం ఉంటే మీరింకా ఊయల దగ్గరికి వెళ్లలేదని అర్థం. కోపంలో ఉన్నప్పుడు మనతో ఏకీభవించేవాళ్లనే సలహా అడుగుతాం, అది వెతకడం కిందికి రాదు.

ఇప్పుడు ఆమె దగ్గరికి వెళ్లాలి. కథలో తల్లికి ఆ వీలు లేదు, మీకుంది. ముందు ఫోన్ చేసి రావచ్చా అని అడగండి, ఆమె చెప్పిన చోటికి ఒక్కరే వెళ్లండి. పాపను వెంట తీసుకెళ్లవద్దు. చిన్నపిల్ల ముందు ఆమె తన కోపం చూపించలేకపోతుంది, చూపించే హక్కు ఆమెకుంది. చెప్పాల్సింది మూడు మాటలు: "ఉంగరం మా ఇంట్లోనే దొరికింది. నువ్వు తియ్యలేదు. నేను నీమీద నింద వేశాను, తప్పు నాది." దాని తర్వాత "కానీ" అని మొదలుపెట్టకండి. రెండు నెలలు ఎందుకు రాలేదంటే సిగ్గుతో రాలేదనే చెప్పండి. బాకీ ఉన్న జీతం, దానితో పాటు కనీసం ఒక నెల జీతం కవర్లో పెట్టి ఇవ్వండి. ఉన్నట్టుండి పని పోగొట్టారు కాబట్టి అది ఆమెకు రావాల్సిందే. తిరిగి పనికి రమ్మనే మాట దానితో ముడిపెట్టకండి. క్షమించమని పట్టుబట్టకండి కూడా.

అసలు పని ఆ తర్వాత ఉంది. ఆమె గురించి మీరు ఎవరెవరితో అన్నారో జాబితా రాయండి. వాచ్‌మన్, పక్క ఫ్లాట్లు, ఆమె పనిచేసే మిగతా ఇళ్లు, మీ అత్తగారు. ఏ దారిన చెప్పారో ఆ దారిననే వెనక్కి చెప్పాలి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రాసి ఉంటే గ్రూపులోనే రాయాలి, విడివిడిగా చెబితే చాలదు. ఆమెకు పోయింది మీ ఇంట్లో పని ఒక్కటే అయి ఉండకపోవచ్చు.

షాపు సంగతికి పంచతంత్రంలోని మిత్రభేదం, అంటే స్నేహితులు విడిపోయిన కథ చూద్దాం. సింహం పింగళకుడు, ఎద్దు సంజీవకుడు ప్రాణస్నేహితులు. దమనకుడనే నక్క వాళ్లను విడదీస్తాడు. నక్క అబద్ధాలు చెప్పింది అని మనం తేలిగ్గా అనేస్తాం. దమనకుడి పనితనం అబద్ధంలో లేదు, గుర్తులు చెప్పడంలో ఉంది. సింహంతో అంటాడు: ఎద్దు నీ మీదికి రాబోతోంది, ఎప్పటిలా నిమ్మళంగా రాకుండా బెదురు చూపులతో, కొమ్ములు వంచి వస్తే నా మాట నిజమని తెలుసుకో. ఎద్దు దగ్గరికి వెళ్లి సింహం కళ్లు ఎర్రబడి, కోపంగా నీవైపే చూస్తుంటే తెలుసుకో అంటాడు. ఇద్దరూ భయంతో బిగుసుకుని ఎదురుపడతారు. ఎదుటివాడి బిగింపే ఇద్దరికీ సాక్ష్యమవుతుంది. మీ స్నేహితురాలు ఈమధ్య ముభావంగా ఉంటున్నారని మీకు అనిపిస్తోంది కదా. మీరూ ముభావంగానే ఉన్నారు. ఆమె అది చూస్తూనే ఉంటారు.

నక్క ఎందుకు కదిలిందో కూడా కథ చెబుతుంది. సింహం స్నేహంలో పడి వేట మానేసింది, దాని మీద బతికే జంతువులన్నీ ఆకలితో ఉన్నాయి. మీ దగ్గర పనిచేసే అతన్ని దుర్మార్గుడని తేల్చేసే ముందు ఇది అడగండి: మీరిద్దరూ కలిసి తీసుకున్న ఏ నిర్ణయం వల్ల అతనికి ఏదైనా తగ్గిందా? కమీషనా, సెలవా, గల్లా తాళమా? దానికి జవాబు దొరికితే, మాటలు మోయడం ఆపడానికి సగం దారి దొరికినట్టే.

మీ స్నేహితురాలితో మాట్లాడటానికి షాపు వద్దు, ఇల్లూ వద్దు, మీ ఇద్దరి భర్తలూ వద్దు. ఒక గంట కేటాయించుకోండి. వాట్సాప్‌లో మొదలుపెట్టకండి, అక్షరాల్లో గొంతు వినపడక మళ్లీ గుర్తుల కోసం వెతుక్కుంటారు. "నువ్వు ఇలా అన్నావట" అని మొదలుపెడితే ఆమె తనను కాచుకోవడంలో పడిపోతారు. "నా దగ్గరికి ఈ మాటలు వచ్చాయి, నీ దగ్గరికి ఏమొచ్చాయో చెప్పు" అనండి, ముందు మీకు వచ్చినవి ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి తేదీలు చూసుకుంటే చాలా మాటలు అక్కడికక్కడే రాలిపోతాయి. అతన్ని పిలిపించి ముఖాముఖి పెట్టకండి, కథ మళ్లీ అతని చేతికి వెళ్తుంది. లేచే ముందు ఒక కట్టుబాటు చేసుకోండి: మూడో మనిషి నోటి నుంచి వచ్చిన ఏ మాటనైనా 24 గంటల్లో నేరుగా అడిగేయాలి, అడగకపోతే దాన్ని మరిచిపోవాలి.

స్టాకు లెక్కకు మాత్రం పంచతంత్రం దాకా పోనక్కర్లేదు. మన ఏడు చేపల కథ చాలు. ఏడుగురు రాజకుమారులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమోపు ఆవు మేయలేదంటుంది, ఆవు గొల్లవాడు మేపలేదంటుంది, గొల్లవాడు అవ్వ బువ్వ పెట్టలేదంటాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంటుంది, పిల్లాడు చీమ కుట్టిందంటాడు. చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. ఊరూరికీ కాస్త మారుతుంది గానీ వరస ఇదే. జపాన్ టయోటా కార్ఖానాల్లో ఐదుసార్లు ఎందుకని అడిగి లోపం మూలం పట్టుకునే పద్ధతి ఉంది. మన పిల్లలు ఏడుసార్లు అడుగుతారు.

ఈ కథలో ఒక సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏ ఒక్కరినీ రెండోసారి అడగలేదు. ఒక్కొక్కరికి ఒక్క "ఎందుకు", జవాబు విని అడిగేవాడు ఇంకోచోటికి నడిచి వెళ్లాడు. మనం ఇళ్లలో, షాపుల్లో ఒకే మనిషిని నిలబెట్టి ఏడు ఎందుకులూ ఆ మనిషినే అడుగుతాం. మూడోదానికే ఎదుటివాళ్లు అబద్ధం చెబుతారు, లేదా ఏడుస్తారు.

మీ షాపులో ఇలా నడవండి. ముందుగా షాపు మొత్తం లెక్కపెట్టాలని కూర్చోకండి, అలసిపోయి సగంలో వదిలేస్తారు. రోజూ మూసే ముందు ఒక్క అర, ఇద్దరూ కలిసి, చీరల సంఖ్యా ట్యాగు నంబర్లూ పుస్తకంతో సరిచూడండి. తేడా వచ్చిన ఒక్క చీరను పట్టుకుని నడవండి. ఉదాహరణకు, చీర అరలో లేదు. ఎందుకు? ఇంట్లో చూపించి తెస్తామని ఎవరో పట్టుకెళ్లారు. పుస్తకంలో ఎందుకు లేదు? రాయలేదు. ఎందుకు రాయలేదు? పుస్తకం లోపలి గదిలో ఉంది. తీసుకురాలేదెందుకు? ఆ సమయంలో కౌంటర్ దగ్గర ఒక్కరే ఉన్నారు, లోపలికి వెళ్తే గల్లాపెట్టె వదిలేయాలి. అదిగో చీమ. తన పుట్ట తను కాచుకున్న మనిషి. ఇందులో దొంగ లేడు, దండించాల్సినవాళ్లూ లేరు. పుస్తకాన్ని తాడు కట్టి కౌంటర్‌కే వేలాడదీస్తే సరిపోతుంది. ఫాల్, పీకోకు పంపినవి, రోలింగ్‌కు ఇచ్చినవి, మార్పిడికి వెనక్కొచ్చి పాత ట్యాగుతోనే అరలోకి వెళ్లినవి, చీరల లెక్క తప్పేది ఎక్కువగా ఈ మూడు చోట్ల. వీటికి ఒక్కోదానికి వేరే పేజీ పెట్టండి. నెల రోజులు ఇలా చేశాక కూడా తేడా మిగిలితే, అప్పుడు మనుషుల గురించి ఆలోచించండి.

కొన్ని కథలతో జాగ్రత్తగా ఉండాలి. కుందేలు సింహాన్ని బావిలో దూకించడం, కాకులు గుడ్లగూబల గుహలోకి నమ్మకంగా చొరబడి తగలబెట్టడం, ఇవి ప్రాణాపాయంలో ఉన్న బలహీనులు బలవంతుడైన శత్రువు మీద వాడిన ఎత్తులు. వీటిని ఇంట్లోవాళ్ల మీదా, భాగస్వామి మీదా వాడి "తెలివి" అనుకుంటే ఉన్నవాళ్లే శత్రువులవుతారు. ఇంకొకటి, పుట్టుకతో వచ్చిన స్వభావం మారదన్న మాట ఈ కథల్లో చాలాచోట్ల వస్తుంది. దాన్ని మనుషుల మీద పెట్టకండి, ముఖ్యంగా మన ఇళ్లలో పనిచేసేవాళ్ల మీద. ముంగిసను చంపించింది అచ్చంగా ఆ నమ్మకమే.

పాపకు కథలు చెప్పడం మానకండి. ముంగిస కథ మళ్లీ చెప్పేటప్పుడు, తల్లి గుమ్మంలోకి వచ్చి నెత్తురు మూతి చూసిన చోట ఆపండి. ఆమె ఇప్పుడేం చెయ్యాలని పాపనే అడగండి. ఏడేళ్ల పిల్లలు చాలావరకు "లోపలికెళ్లి బాబును చూడాలి" అంటారు, వాళ్లకు కుండ బరువు ఇంకా తెలియదు కాబట్టి. ఆ జవాబు రాగానే మెచ్చుకుని, మిగతా కథ ఉన్నది ఉన్నట్టు పూర్తి చేయండి. నీతి చెప్పకండి. ముంగిస బతికిందా అని అడిగితే, లేదనే చెప్పండి.